మా ఫోన్లు రాజీపడ్డాయి

నేను తెలుగు పంతులును. ఈ సంగతి ముందే చెప్పేస్తే తర్వాత జరిగినదానికి మీరు నవ్వుకోవడం సులువవుతుంది. ముప్పై ఏళ్లుగా సిద్దిపేట చుట్టుపక్కల బళ్లలో పిల్లలకు లేఖలు రాయడం నేర్పిస్తున్నాను. తండ్రికి లేఖ, మిత్రునికి లేఖ, సెలవు చీటీ, సానుభూతి లేఖ. మా వీధిలో ఎవరింట్లో పెళ్లయినా శుభలేఖ ముందు నా దగ్గరికి వచ్చి, నా ఎర్ర పెన్ను దెబ్బలు తిని, ఆ తర్వాతే అచ్చుకు పోయేది. రోడ్డు మీద ఫ్లెక్సీ కనబడితే అందులో ఉన్న నాయకుణ్ని చూడను, కింద ఉన్న తప్పుల్ని చూస్తాను. అలాంటి నేను నా సొంత అక్కకు "తప్పయింది" అని ఒక్క మాట చెప్పడానికి ఫోన్‌లో ఉన్న ఏఐ గడ్డం పట్టుకుని బతిమాలుకున్నాను.

అక్క నాతో మాట్లాడక అప్పటికి రెండేళ్లు కావస్తోంది. నేను కొత్త ఇల్లు కట్టాను. గృహప్రవేశం నాడు పొయ్యి మీద పాలు పొంగించాల్సింది ఆడబిడ్డ. నాకున్న ఒక్క అక్క రాకపోతే ఆ పాలు ఇంకెవరో పొంగిస్తారు. పాలకేం, ఎవరు పొంగించినా పొంగుతాయి. కానీ వచ్చినవాళ్లందరూ పాలగిన్నె వైపు చూడకుండా నా మొహం వైపు చూస్తారు. అదీ నా భయం. అక్క రాకపోతే ఎలా అని కాదు, అక్క రాలేదని నలుగురికీ తెలిస్తే ఎలా అని. ఇప్పుడు ఇంత నిజాయితీగా రాస్తున్నాను గానీ అప్పుడు ఈ మాట నాకు నేను కూడా చెప్పుకోలేదు.

ఈ ఏఐ మా ఊరికి చికెన్‌గున్యా వచ్చినట్టు వచ్చింది. ముందు ఎవరింట్లోనో ఉందన్నారు, వారం తిరిగేసరికి అందరిళ్లలోనూ ఉంది. మా బడిలో ఆరో తరగతి పిల్లకు కడుపునొప్పి వస్తే వాళ్ల నాయిన పంపే చీటీలో "అనివార్యమైన ఆరోగ్య సవాళ్ల నేపథ్యంలో" అని ఉంటుంది. ఆయన ఎదురుపడితే మాత్రం "కడుపునొస్తుంది సార్" అని ఊరుకుంటాడు. మా వార్డు నాయకుడి పుట్టినరోజు ఫ్లెక్సీలో ఆయనకు పొట్ట పోయింది, జుట్టు వచ్చింది, పక్కన ఒక సింహం కూడా కూర్చుంది. ఒకే ఇంట్లో ఉండే మొగుడూ పెళ్లాలు పెళ్లిరోజు నాడు ఒకరి మీద ఒకరు ఏఐతో కవిత్వం రాయించి స్టేటస్‌లు పెట్టుకుంటున్నారు. కూర బాగుందని మాత్రం నోటితో చెప్పుకోరు.

వీళ్లందరినీ స్టాఫ్ రూంలో కూర్చుని తెగ వెక్కిరించేవాణ్ని. సొంత మాట పోగొట్టుకున్న మనుషులని గంటసేపు ఉపన్యాసం ఇచ్చి, అందరూ క్లాసులకు వెళ్లాక నా వార్షిక నివేదిక దానితోనే రాయించుకునేవాణ్ని. పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగినట్టన్నమాట. ఎందుకంటే రాయాలంటే నాకు భయం పట్టుకుంది. ఇన్నేళ్లు ఊరందరి మాటల చుట్టూ ఎర్ర సున్నాలు చుట్టినవాడికి తన మాట చుట్టూ ఎవరు ఎప్పుడు సున్నా చుడతారో అని గుబులుగా ఉంటుంది. ఏఐ రాసినదాంట్లో తప్పులుండవు. ఇంకేమీ కూడా ఉండదు, కానీ తప్పులు మాత్రం ఉండవు.

ఇక అక్కతో తగువు సంగతి. దానికి మా బాపు గురించి చెప్పాలి.

బాపు చివరి ఏడాది నా దగ్గర లేడు, అక్క దగ్గర దౌల్తాబాద్‌లో ఉన్నాడు. కొడుకు ఉండగా తండ్రి కూతురి ఇంట్లో ఉంటే మా వైపు ఏమంటారో మీకు చెప్పక్కర్లేదు. మోకాళ్ల నొప్పులకు మెట్లు ఎక్కలేడు, మాది మేడ మీద ఇల్లు, అందుకని పంపానని అందరికీ చెప్పాను. అందులో సగమే నిజం. మిగతా సగం ఏమిటంటే మాది కిరాయి ఇల్లు. కిరాయి ఇంట్లో మనిషి పోతే ఓనర్లు ఒప్పుకోరు, శవాన్ని గేటు లోపలికి రానివ్వరు. బాపుకు రెండోసారి ఆయాసం వచ్చినప్పుడు మా ఓనరు పైకి వచ్చి, కుర్చీలో కూర్చుని, చాయ్ తాగి, పోతూ పోతూ ఎంతో మర్యాదగా, "పెద్దాయనకు మంచిగ లేనట్టుంది సార్, ఏమన్న ఉంటే జర ముందుగాల్నే సూస్కోన్రి" అన్నాడు. ఆ వారమే బాపును అక్క ఇంటికి చేర్చాను. పల్లెగాలికి కోలుకుంటాడన్నాను. అక్క ఒక్క మాట అనకుండా మంచం వేసింది.

తర్వాత నేను ఆదివారాలు పోయేవాణ్ని, పండ్లు పట్టుకుని. బత్తాయిలు బాపు తినడని అక్క రెండుసార్లు చెప్పింది. మూడోసారి కూడా బత్తాయిలే తీసుకుపోయాను.

ఒకరోజు మధ్యాహ్నం అక్క ఫోన్ చేసింది. నేనప్పుడు మండల స్థాయి వ్యాసరచన పోటీకి న్యాయనిర్ణేతను. వ్యాసం పేరు చెబితే నమ్మరు, "కుటుంబ విలువలు". ముప్పై కాగితాలు ముందు పెట్టుకుని కూర్చున్నాను. ముప్పైలో ఇరవై "నేటి ఆధునిక సమాజంలో" అని మొదలయ్యాయి, పిల్లలు ఇంటి దగ్గరే ఏఐతో రాయించుకుని బట్టీ పట్టి వచ్చారు. ఫోన్ మోగింది. అక్క అని చూశాను. అక్క ఏమంటుందో నాకు తెలుసనుకున్నాను. బాపు నీ దగ్గరికే వస్తానంటున్నాడు, తీసుకుపో అంటుంది. తీసుకువస్తే ఎక్కడ పెట్టాలి? ఓనరుకు ఏం చెప్పాలి? ఫోన్ మోగి మోగి ఆగింది. మళ్లీ మోగింది. మూడోసారి మోగినప్పుడు బోర్లా పెట్టేశాను. గంట తర్వాత మా మేనల్లుడు చేశాడు. అప్పుడు ఎత్తాను. అప్పటికి బాపు పోయాడు.

పదో రోజు సిద్దిపేటలో చిన్న ఫంక్షన్ హాల్ తీసుకున్నాను. ఈ మధ్య మా దగ్గర పదో రోజు భోజనాలకు ముందు మైకు పెట్టి పోయినవాళ్ల గురించి మాట్లాడటం మర్యాద అయింది. కొడుకు తెలుగు సారు కాబట్టి అందరూ నా కోసమే ఎదురుచూస్తున్నారు. ముందురోజు కాగితం, పెన్ను పెట్టుకుని కూర్చున్నాను. మనసులోకి ఒక్కటే వాక్యం వచ్చింది. అక్క మూడుసార్లు చేసింది, నేను చూసి కూడా ఎత్తలేదు. ఎటు తిప్పి రాయబోయినా ఆ వాక్యమే వచ్చి కూర్చుంది. దాన్ని మైకులో చదవలేను కదా. ఏఐని అడిగాను. తండ్రి మరణం, ఉపాధ్యాయుడైన కొడుకు, హృదయాన్ని తాకేలా, రెండు నిమిషాలు. నేను టైపు చేసి కళ్లజోడు సర్దుకునే లోపల రాసి ఇచ్చింది.

అది రాసినదాంట్లో ఒక చోట ఇలా ఉంది: "ఆయన చివరి శ్వాస విడిచే వరకు ఆ చేయి నా చేతిలోనే ఉంది." దానికి ఎవరూ చెప్పలేదు, దాని పద్ధతిలో అది కల్పించింది. పాపం, కొడుకులంటే అలా ఉంటారనుకుంది. నేను దాన్ని నా దస్తూరిలో తెల్లకాగితం మీద ఎత్తి రాసుకున్నాను, ఫోన్ చూసి చదివితే బాగుండదని. ఆ వాక్యం దగ్గర పెన్ను ఆగింది. ఆగిందని ఒప్పుకుంటున్నాను. కానీ వాక్యం చాలా బాగుంది. వదల్లేకపోయాను.

మైకులో ఆ ముక్క చదవగానే ముందు వరసలో కూర్చున్న అక్క లేచింది. అరవలేదు. మామూలు గొంతుతో అడిగింది.

"ఎవల చెయ్యిరా అది? బాపు చెయ్యి నా చేతుల ఉండె. నువ్వేడున్నవ్?"

 ఎవరో దగ్గారు. వంటవాళ్లు ఇదే అదును అనుకుని విస్తర్లు వేయడం మొదలుపెట్టారు. నేను కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను. సిగ్గుతో చచ్చిపోవాల్సినవాణ్ని, నాకు కోపం వచ్చింది. అక్క మీద. పదిమందిలో తమ్ముడి పరువు తీసిందని, సందర్భం తెలియదని, చదువు లేనివాళ్లతో ఇదే తంటా అని ఏడాది పాటు కనబడినవాళ్లందరికీ చెప్పుకున్నాను. ఆడలేక మద్దెల ఓడు అనడం క్లాసులో ఎన్నిసార్లు వివరించానో, ఒక్కసారి కూడా నాకు అన్వయించుకోలేదు. ఏడాది తిరిగాక ఏటి దినాలకు అక్క వచ్చింది, బాపు ఫొటోకు దండం పెట్టింది, తినకుండా పోయింది. నేను చెప్పులు వెతుక్కుంటున్నట్టు తల వంచుకుని నిలబడ్డాను.

ఏటి దినాలయ్యాక ఇల్లు మొదలుపెట్టాను. కింద ఒక విశాలమైన గది, మెట్లు లేవు, బాత్రూంలో పట్టుకోవడానికి స్టీలు కడ్డీ. ఈ గది ఎవరికి సార్ అని మేస్త్రీ అడిగాడు. చుట్టాలకు అన్నాను.

దర్వాజ ఎక్కించే రోజు కూడా ఆడబిడ్డ ఉండాలి. ఆ రోజుకు నా భార్య తరఫు ఒకామెను నిలబెట్టి గడిపేశాం. గృహప్రవేశం అలా కుదరదని నా భార్య తేల్చి చెప్పింది.

"వదినె రాకపోతె నేను కొత్త పొయ్యి ముట్టియ్య. నువ్వన్న పోయి మాట్లాడు, నన్నన్న పోనియ్యి."

"నేను చూసుకుంట" అన్నాను. చూసుకోవడమంటే ఫోన్ చూసుకోవడమే. దౌల్తాబాద్ పోతే అక్క తలుపు వేసుకుంటుందేమో. అడగాల్సిందేదో వాకిట్లోనే అడుగుతుందేమో. ఇరుగుపొరుగు వింటారేమో. మెసేజ్‌లో ఆ బెడద లేదు. కాదంటే రెండు నీలం గీతలే కదా, ఎవరికీ కనబడవు.

అక్కకు చదవడం రాదు. రెండో తరగతిలో బడి మానిపించారు, నేను పుట్టానని, నన్ను ఎత్తుకోవడానికి మనిషి కావాలని. ఇది నాకు తెలియనిది కాదు. అక్క కోడలి దగ్గర మంచి ఫోన్ ఉంది, ఆ పిల్ల పది దాకా చదువుకుంది, చదివి వినిపిస్తుందిలే అనుకున్నాను. ఏఐ ముందు కూర్చుని, అక్కతో మనస్పర్థ వచ్చింది, క్షమాపణ కోరుతూ లేఖ కావాలి అన్నాను. మనస్పర్థ దేనికని అది అడిగింది. చెప్పలేదు. మరింత వినయంగా కావాలా, మరింత భావోద్వేగంగా కావాలా అంది. రెండూ అన్నాను.

"ప్రియమైన అక్కకు, కాలం అనే మహానదిలో మన అనుబంధపు నావ కొన్ని అపార్థాల అలలకు లోనైంది. అయినప్పటికీ రక్తసంబంధమనే దీపస్తంభం మనకు ఎల్లప్పుడూ దారి చూపుతూనే ఉంటుంది."

మా అక్క పుట్టి బుద్ధెరిగాక నావ ఎక్కలేదు. దీపస్తంభం నేనూ చూడలేదు. దౌల్తాబాద్ నుంచి సముద్రం ఎటువైపు ఉంటుందో మా ఇంటావంటా ఎవరికీ తెలియదు. అయినా పంపించాను. చేసిన తప్పేమిటో చెప్పకుండా క్షమాపణ అడగడంలో ఆ ఏఐని మించినవాళ్లు లేరు. ఫోన్ ఎత్తకపోవడం "కొన్ని అపార్థాలు" అయిపోయింది. ఎంత హాయి.

సాయంత్రానికి జవాబు వచ్చింది.

"ప్రియమైన సోదరా, మీ సందేశం నా హృదయాన్ని స్పృశించింది. మీ భావాలను నేను పూర్తిగా అర్థం చేసుకోగలను. క్షమాగుణం బలహీనత కాదు, అది అంతరంగ బలానికి నిదర్శనం."

పుట్టినప్పటి నుంచి ఏరా, ఓరి అని తప్ప పిలవని అక్క నన్ను మీరు అంది. సోదరా అంది. దాని కింద ఇంకో వాక్యం కూడా ఉంది: "ఈ సందేశాన్ని మరింత ఆప్యాయంగా మార్చమంటారా?"

ఆ వాక్యం నాకు కనబడలేదని చెప్పను. కనబడింది. పంపేముందు అచ్చం అలాంటి వాక్యాన్నే నా మెసేజ్ నుంచి నేను కూడా చెరిపాను కాబట్టి వెంటనే గుర్తుపట్టాను. అయినా చూడనట్టు ఊరుకున్నాను. మనసు అక్కది, వేలు కోడలిది, భాష ఏఐది, అందులో తప్పేముందని సర్దిచెప్పుకున్నాను.

అక్కడి నుంచి మూడు వారాలు ఆ రెండు ఫోన్లు ఎంత అన్యోన్యంగా ఉన్నాయో చెప్పలేను. నేను బాల్యస్మృతుల మీద ఒక పేజీ పంపిస్తే, "తోబుట్టువుల బంధాన్ని బలపరచుకోవడానికి ఐదు మార్గాలు" అని అంకెలు వేసి జవాబు వచ్చింది. మూడో మార్గం, కలిసి ప్రకృతిలో నడవడం. నేను కృతజ్ఞతలు తెలిపాను. అక్కడి నుంచి కృతజ్ఞతకు కృతజ్ఞత వచ్చింది. ఏ ఇద్దరు తోబుట్టువులూ ఇంత మర్యాదగా బతికి ఉండరు. చివరికి గృహప్రవేశం వీడియో చేయించి పంపాను. అందులో వినాయకుడు మాట్లాడతాడు, మా చిన్న డాబా ఇల్లు రాజభవనంలా మెరుస్తుంది. "తప్పక హాజరై మీ ఆనందంలో పాలుపంచుకుంటాము" అని జవాబు. అమ్మయ్య అనుకున్నాను. పొయ్యి కొనమని నా భార్యకు చెప్పాను.

ముహూర్తానికి నాలుగు రోజులుందనగా కొత్త ఇంటికి పోయాను. తలుపులకు పాలిష్ పట్టే ఆయన దర్వాజ రుద్దుతున్నాడు. మా పాత గల్లీవాడే, ఇరవై ఏళ్ల పరిచయం. ఇంట్లో ఉర్దూ మాట్లాడతాడు, నాతో తెలుగు. ఆయనకు మా ఇంటి సంగతులన్నీ తెలుసు.

"మీ అక్కను పిలిచిన్రా సార్?"

"పిలిచిన. వస్త అన్నది."

"ఎప్పుడు పోయిన్రు?"

"పోలే. వీడియో పంపిన. జవాబు గుడ వచ్చింది."

ఆయన రుద్దడం ఆపాడు. "బొట్టు పెట్టలేదా? సార్, మా ఇంట్ల బొట్టు పెట్టుకోరు. గయినా పెండ్లి ఉంటె మీ వాళ్లు మా ఇంటికొచ్చి మా అమ్మీ చేతిల ఆకువక్క పెట్టి పిలుస్తరు. ఫోన్ల పిలిస్తే మా అమ్మీ పోదు. పిలిచినట్టే కాదంటది. మీరు సార్లు, మీకు నేనేం చెప్త" అని మళ్లీ రుద్దడం మొదలుపెట్టాడు.

ఇంటికి వచ్చి ఈ మాట చెబితే నా భార్య నన్ను పైనుంచి కిందికి చూసింది. "ఇన్ని రోజుల సంది వదినెతోని మాట్లాడుతున్న అంటే నోటితోని అనుకున్న. నీ నోటికేమొచ్చింది?" అంది. కుంకుమ భరిణె, పసుపు, జాకెట్టు ముక్క సంచిలో వేసుకుని మరునాడు పొద్దున్నే బండి ఎక్కి కూర్చుంది. నేను నడపడానికి మాత్రమే పనికొచ్చాను.

దౌల్తాబాద్ చేరేసరికి పది దాటింది. అక్క వాకిట్లో గోనెసంచి పరుచుకుని చింతపండు గింజ తీస్తోంది. రాయి మీద కాయ పెట్టడం, చిన్న సుత్తెతో కొట్టడం, గింజ అటు, గుజ్జు ఇటు. బావ పొలానికి పోయాడట, మేనల్లుడు డ్యూటీకి పోయాడట. అక్క మమ్మల్ని చూసి "రాన్రి" అంది, నా భార్య వైపు చూసి. కోడలు నీళ్లు తెచ్చింది. నన్ను చూడగానే ఆ పిల్ల మొహం పాలిపోయింది.

సంతోషంగానే మొదలుపెట్టాను. "అక్కా, నీ మెసేజ్‌లు చూస్తే పాణం లేసొచ్చింది. మనసుల ఏం పెట్టుకోకుండ అంత మంచిగ..."

"ఏం మెసేజ్‌లు?" అంది అక్క.

కోడలు చెంబు కింద పెట్టింది. చెప్పక తప్పలేదు ఆ పిల్లకు.

"తప్పు నాదే మామా. మీరు పంపిన మొదటిది అత్తకు చదివి వినిపిద్దామని కూసున్న. రెండు లైన్లు చదివిన్నో లేదో, ఎవరు రాసిన్రే గది అన్నది. మామ అన్న. వాడు గట్ల మాట్లాడడు, ఎవలో తప్పు నంబరుకు కొట్టిన్రు, ఊకో అని లేసిపోయింది. జవాబు ఇయ్యకపోతె మీకు కోపమొస్తది, కలిసేది గుడ కలువదు, నా మీదికొస్తది అనుకున్న. గందుకే నేనే ఇచ్చిన."

"ఇచ్చినవ్ సరే. నువ్వే రాయొచ్చు కదమ్మా. ఏఐ ఎందుకు?"

ఆ పిల్ల తల ఎత్తకుండానే అంది. "తాత పోయిన నాడు కుటుంబం గ్రూపుల నేను నాలుగు మాటలు రాసిన. అండ్ల రెండు తప్పులున్నయని మీరు సరిజేసి మల్ల పెట్టిన్రు, అందరు సూడంగ. అప్పటి సంది మీకు రాయాలంటే భయమైతది మామా."

నాకు గుర్తుంది. బాపు పోయిన రోజు, శవం ఇంకా వాకిట్లో ఉండగా, నేను ఫోన్ తీసి ఆ పని చేశాను. ఎర్ర పెన్ను లేదు కాబట్టి తప్పుల పక్కన సరైన మాటలు రాసి పెట్టాను. ఏదో ఒక పని చేస్తూ ఉంటే బాపు మొహం చూడక్కర్లేదని. నా భయానికి నేను ఏఐ వెనక దాక్కున్నాను, నేను పెట్టిన భయానికి ఆ పిల్ల కూడా దాని వెనకే దాక్కుంది. మూడు వారాలు ఇద్దరం అక్కడే కలుసుకున్నాం. ఎవరితో రాజీ కావాలో ఆమె మాత్రం ఇక్కడ చింతపండు కొట్టుకుంటూ కూర్చుంది, ఆమెకు ఏ సంగతీ తెలియదు.

అక్క సుత్తె ఆపలేదు. "రాసుకున్నది మీరిద్దరు రాసుకున్నరు. నాకు చెప్పనీకె ఏమన్న ఉంటె ఇప్పుడు చెప్పు" అంది.

నోరు తెరిచాను. నమ్మండి, "కాలం అనే మహానదిలో" అన్నది నాలుక చివరి దాకా వచ్చింది. మూడు వారాలుగా చదివి చదివి అదే నోటికి వచ్చేసింది. గొంతు సవరించుకున్నాను. నా భార్య వైపు చూశాను, సాయం చేస్తుందేమోనని. ఆమె సంచి ఒళ్లో పెట్టుకుని గోడ వైపు చూస్తోంది. ఇక దాక్కోవడానికి జాగ లేదు. ఆ ఒక్క వాక్యమే మిగిలింది.

"అక్కా, ఆ రోజు నీ ఫోన్ సూసిన. మూడుసార్లు సూసిన. ఎత్తలే. బాపును తీస్కపొమ్మంటవని భయపడ్డ. కిరాయింట్ల ఏమన్న అయితె ఓనరు ఏమంటడో అని భయపడ్డ. పనిల లేను. ఊకెనే ఉన్న. సూసుకుంట కూసున్న."

"ఎరికే" అంది అక్క.

"ఎట్ల ఎరిక?"

"ఒక్కసారి ఎత్తకపోతె పనిల ఉన్నట్టు. మూడుసార్లు ఎత్తకపోతె చేతిల పట్టుకోని సూస్తున్నట్టు. గదానికి సదువు కావాల్నా?"

ఇంకో కాయ రాయి మీద పెట్టింది గానీ కొట్టలేదు.

"ఎందుకెత్తలే అని నిన్ను నేను అడిగిన్నారా? పది రోజులు నీ పక్కకే ఉన్న, అడిగిన్నా? భయమైంది, ఎత్తలే, అయిపాయె. మనిషన్నంక అయితది. చెయ్యి పట్టుకున్న అన్నవ్ సూడు మైకుల, గప్పుడు కడుపు మండింది. గా చెయ్యి ఎంత సల్లగైందో నీకెరికేనా?"

అక్క సుత్తె గోనెసంచి మీద పెట్టి, చేతికి అంటిన చింతపండు పీచు ఒక్కొక్కటే తీసుకుంటూ అంది.

"బాపు అడిగిండు, చిన్నోడేడి అని. ఫోన్ ఎత్తుతలేడని ఎట్ల చెప్త? దారిల ఉన్నడు బాపూ, వస్తుండు అన్న. సరే అన్నడు. మల్ల అడగలే. గట్లనే కండ్లు మూసిండు."

సానుభూతి లేఖ ఎన్ని రకాలుగా రాయవచ్చో ముప్పై ఏళ్లు నేర్పినవాణ్ని. ఆ వాకిట్లో గోనెసంచి అంచున కూలబడి ఏడ్చాను. ఏడుపులో కూడా సిగ్గేసింది, పక్కింటి ఆమె గోడ మీంచి చూస్తోందని. తర్వాత అది కూడా మర్చిపోయి ఏడ్చాను. కోడలు పిల్ల కూడా ఏడ్చింది. అక్క ఏడవలేదు. నా భార్య లేచి, సంచిలోంచి భరిణె తీసి, మూత తిప్పి, అక్క ముందు వంగి నిలబడింది.

అక్క మోచేత్తో చెమట తుడుచుకుని నుదురు ముందుకు పెట్టింది. బొట్టు పెట్టించుకుంటూ నా వైపు చూసి అంది.

"సిద్దిపేట నుంచి దౌల్తాబాద్‌కు రానీకె రెండేండ్లు పట్టిందారా తమ్మీ?"